రేవు మెట్టు

మావగారి పెద్దకర్మ అయిన మర్నాడు వెంకటదుర్గ పెరటి చెరువు రేవులో కూర్చుని, కొబ్బరిపీచుతో మెట్టు మీది నాచు తోముతోంది. అత్తగారు వచ్చి గట్టు మీద నిలబడింది.

"ఇప్పుడెందుకమ్మా ఆ పని?"

"ఎప్పుడో చెయ్యాల్సిందండీ. వానలకి చెరువంతా పచ్చబడింది, మెట్టు జారుతోంది, కాస్త తోమమ్మా అని మావయ్యగారు రెండుసార్లు చెప్పేరు. ఆయ్, ఆదివారం తోముతానండీ అన్నాను."

"ఊఁ."

"శనివారమే జారిపడ్డారు."

"కళ్లు తిరిగి పడ్డారని అబ్బాయి అందరికీ చెప్పేడు కదా."

"ఆయనకి మెట్టు సంగతి తెలీదండీ. చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. మీరైనా నన్ను తిట్టండి అత్తయ్యగారూ. పోయిన మనిషి ఎలాగూ తిట్టలేరు."

అత్తగారు మెల్లగా దిగి పై మెట్టు మీద కూర్చుంది.

"ఆ పొద్దున ఆయన కంటే ముందు నేనే దిగేనమ్మా. ఈ మెట్టు మీదే కాలు జారింది. ఎలాగో నిలదొక్కుకుని పైకొచ్చేను. ఆయన భుజాన తువ్వాలుతో ఎదురొచ్చేరు."

"మరి చెప్పలేదా అండీ?"

"నాలుగు రోజుల్నించీ మాకు మాటల్లేవు. ఏదో చిన్న విషయానికే. జాగ్రత్తండీ అన్న మాట నోటిదాకా వచ్చింది. ముందు ఆయనే పలకరించాలి కదా అని మింగేసేను."

దుర్గ పీచు పక్కన పెట్టి, పైకెక్కి ఆవిడని ఆనుకుని కూర్చుంది.