మేధావి గారి గడ్డం

మధ్యాహ్నం మూడు గంటలు. మార్కెట్ వీధిలో ఒకే కుర్చీ ఉన్న సెలూన్.

"తల కాస్త పైకెత్తండి సార్. ఇంకాస్త. ఆఁ, అంతే. ఏం చెప్తున్నాను? ఆ నీళ్ళ రూలు రాసిన మేధావి ఎవరో గానీ, కనబడితే ఓ దణ్ణం పెట్టాలి సార్."

"ఏ రూలు బాబాయ్?"

"ఊరంతా అదే గొడవైతే ఏ రూలంటారేంటి సార్! మీది ఈ ఊరు కాదా?"

"ఈ ఊరే. అంటే... పనిమీద బయట తిరుగుతుంటాను."

"ఏం పనో?"

"కాగితాల పని."

"అదృష్టవంతులు. కాగితాలకి నీళ్ళక్కర్లేదు. చెంప కాస్త బిగించండి. నా పనికి కావాలి మరి. గడ్డానికి ఒక మగ్గు. నలభై ఏళ్ళుగా అదే లెక్క."

"నాలుగింటికి మీటింగుంది బాబాయ్. కాస్త తొందరగా..."

"కత్తి మెడ మీదుండగా తొందర పెట్టకూడదు సార్. ఏం మీటింగు?"

"అదే... కాగితాల మీటింగు."

"సరే సరే. ఆ మేధావి సంగతి వినండి. ఆమధ్య మైకు కట్టిన వ్యాను తిప్పారు, గుర్తుందా? వచ్చే నెల మీ మీటరు ఎంత తిరిగితే అందులో ముప్పావు వంతు నీళ్ళు వేసవంతా నెలనెలా ఇస్తాం, అందరికీ ఒకటే కోత, అని. ముందే చెప్పేశారు సార్! దొంగకి తాళం చెవి ఎక్కడుందో చెప్పి, లోపలికి మాత్రం రాకు నాయనా అన్నట్టు."

"అంతా బహిరంగంగా ఉండాలని వాళ్ళ ఉద్దేశం అయ్యుంటుంది."

"ఉద్దేశం బంగారం సార్. విన్నవాడు ఊరుకుంటాడా? ఎంత పారబోస్తే అంత కోటా! ఆ నెల ఊళ్ళో కుళాయి కట్టినవాడు లేడు. ఎదురింటి పెద్దావిడ మెట్లు కడిగింది, గోడలు కడిగింది, ఇంకేం దొరక్క గొడుగులు కడిగింది. మెకానిక్కు తన స్కూటర్‌కి రోజుకి మూడు స్నానాలు చేయించాడు. వాడు మాత్రం మామూలుగా వారానికొక్కటే."

"నిజమే. నేనూ చూశాను. ఎంత శుభ్రమైన ఊరో అనుకున్నాను."

"ఏంటీ?"

"అహ, ఏం లేదు. ఆ మేధావి అలా అనుకుని ఉంటాడని. రిజర్వాయర్ మట్టం ఎంతుందో రోజూ వాడి టేబుల్ మీదకి చీటీ వస్తుంది కదా. మొదటి వారం ఎండలు ముదిరాయనుకున్నాడు. రెండో వారం ఎక్కడో పైపు పగిలిందనుకున్నాడు. మూడో వారం, చీటీ రాసేవాడికి చూపు ఆనట్లేదేమో అని డాక్టరు దగ్గరికి పంపి కళ్ళద్దాలు పెట్టించాడు. కొత్త కళ్ళద్దాలతో చూస్తే ఇంకో అడుగు తగ్గింది."

"హహ్హహ్హ! నవ్వించకండి సార్, చెయ్యి కదులుతుంది. ఇంతకీ ఇవన్నీ మీకెలా తెలుసు?"

"ఆఫీసుల్లో అనుకుంటుంటే విన్నాను."

"మొత్తానికి డెబ్బై రోజులకి దాచిన నీళ్ళు ముప్పై రోజుల్లో..."

"ఇరవై ఆరు."

"ఇరవై ఆరా?"

"అనుకుంటుంటే విన్నాను."

"బాగానే వింటారు సార్ మీరు. మెడ ఇటు తిప్పండి."

"నీ షాపుకి ఎంత కోటా వచ్చింది బాబాయ్?"

"సున్నా."

"సున్నా ఏంటి?"

"సున్నా అంటే సున్నాయే సార్. మా అమ్మాయికి కాన్పని వెళ్ళి ఆ నెలంతా అక్కడే ఉన్నాను. షాపు మూసేశాను. మీటరు కదల్లేదు. సున్నాలో ముప్పావు వంతు ఎంతో మీరే చెప్పండి, కాగితాలవాళ్ళు కదా."

"అర్జీ పెట్టుకోలేకపోయావా?"

"పెట్టాను. జవాబు కూడా వచ్చింది. 'వినియోగం లేదు కనుక అవసరం లేనట్లు భావించడమైనది' అని. కింద ఒక సంతకం. అబ్బ, ఏం సంతకం సార్ అది! కోడి కాలికి సిరా పూసి వదిలినట్టు."

"అంత దారుణంగా ఉందా?"

"మీకెందుకు సార్ బాధ?"

"బాధేం లేదు. ఊరికే అడిగాను."

"నేనేదో పుణ్యాత్ముణ్ణనుకునేరు. వెళ్తూ వెళ్తూ పక్క షాపు టైలరుకి తాళం చెవి ఇచ్చి, 'ఒరేయ్, రోజూ పొద్దున నా కుళాయి తిప్పి వదిలెయ్' అని చెప్పే వెళ్ళాను. 'అలాగే బాబాయ్, నిశ్చింతగా వెళ్ళిరా' అన్నాడు. నెలంతా తన కుళాయే తిప్పుకున్నాడు. ఇప్పుడు వాడికి రోజుకి నాలుగొందల లీటర్లు! సూదిలో దారం ఎక్కించడానికి ఎన్ని నీళ్ళు కావాలి సార్?"

"కాస్త ఉమ్మి చాలు."

"అదీ లెక్క! దొంగతనం కూడా చేతకాని దద్దమ్మని నేను. మా ఆవిడ రోజుకోసారి గుర్తు చేస్తుంది, నేను మర్చిపోతానేమోనని."

"మరి ఈ నీళ్ళెక్కడివి?"

"ఏ నీళ్ళు?"

"నా మొహం మీదున్నవి."

"అవా? పైన బ్యాంకుంది కదా, వాళ్ళ ఏసీ పైపు వెనక సందులోకి కారుతుంది. కింద బకెట్ పెట్టాను. మేనేజరుకి ఎంత ఉక్కపోస్తే నాకంత లాభం. భయపడకండి, శుభ్రమైన నీళ్ళే. మీ మొహం మీద వేసే ముందు నా మొహం మీద వేసుకుని చూశాను."

"శుద్ధి చేసిన నీళ్ళకని మునిసిపాలిటీ వాళ్ళు వేరే పైపు వేశారుగా. నేల కడగడానికి, తువ్వాళ్ళు ఉతకడానికి అవి తీసుకోవచ్చుగా నువ్వు?"

"అడిగాను సార్. మురుగునీళ్ళని కడిగి మళ్ళీ పంపిస్తున్నారట, ఛీ ఛీ అని జనం తీసుకోవట్లేదుట. జనం అలవాటు పడ్డాక నా వీధికి వేస్తామన్నారు. మంచిదేనా సార్ ఆ నీళ్ళు?"

"నిక్షేపంలా ఉంటాయి. పరీక్షలన్నీ నేనే... అన్నీ చేయించారట."

"ఆ మేధావి తన ఇంటికి పెట్టించుకుని ఉంటాడు కదూ?"

"లేదు."

"లేదా?"

"లేదు బాబాయ్. మా ఆవిడ ఒప్పుకోలేదని అందరికీ చెప్తాను. ఆవిడ ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది నేనే. మొక్కలకి పోద్దామంటే కూడా ముక్కు మూసుకున్నాను."

"సార్."

"ఊఁ."

"'చెప్తాను' అన్నారు."

"అన్నాను."

"'మా ఆవిడ' అని కూడా అన్నారు."

"బాబాయ్, ఆ కత్తి కాస్త పక్కన పెడతావా?"

"ఎందుకు సార్?"

"ఒక మాట చెప్పాలి. అది నీ చేతిలో ఉండగా చెప్పే మాట కాదు."

"పెట్టాను. చెప్పండి."

"ఆ మేధావిని నేనే. నీళ్ళ విభాగం ఆఫీసరుని. రూలు నాదే. వ్యాన్లో మోగిన గొంతు నాదే. ఆ కోడికాలు కూడా నాదే."

"అలాగా సార్."

"అలాగా ఏంటి? తిట్టు."

"ఇందాకట్నుంచి చేస్తున్నది అదేగా. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టమంటారా?"

"మొదలెట్టినా తప్పులేదు. మా ఇంటి కోటా ఎంతో తెలుసా? నీలాంటి సున్నాలవాళ్ళని మినహాయిస్తే ఊళ్ళో అందరికంటే తక్కువ. ఆఫీసరు ఇల్లు ఆదర్శంగా ఉండాలని ఆ నెల రెండు బకెట్లతో నలుగురం స్నానాలు చేశాం. అందులో ముప్పావు వంతు ఇప్పుడు. మా ఆవిడ నన్ను 'ముప్పావు' అని పిలుస్తోంది. 'ముప్పావూ, భోజనానికి రా' అంటుంది. పిల్లలు కూడా అలవాటు పడిపోయారు."

"అయ్యో పాపం. మరి ఊళ్ళో కార్లు కడిగే షెడ్డుంది కదా, వాడికో?"

"ఊళ్ళో అందరికంటే ఎక్కువ. పైగా ప్రశంసాపత్రం. పాతిక శాతం వాడకం తగ్గించినందుకు."

"ఎవరిచ్చారు సార్ అది?"

"నేనే. ఫోటో కూడా ఉంది. నవ్వుతూ."

"బాగుంది సార్. నేనే పెద్ద దద్దమ్మని అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. కాస్త మనశ్శాంతిగా ఉంది. ఇంతకీ ఇవాళ్టి మీటింగు దేనికి?"

"ఈ రూలు ఇంకో మూడు నెలలు పొడిగించడమా, మార్చడమా అని. సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి, ప్రజలు సహకరించలేదు, ఇదే కోత కొనసాగాలి అని."

"రెండోది?"

"ఇంట్లో ఎంతమందుంటే అన్ని వంతులు. షాపులకి పాత మీటరు కాదు, చేసే పనిని బట్టి. లాన్లకీ, కార్ల షెడ్లకీ శుద్ధి చేసిన నీళ్ళు తప్ప చుక్క ఇవ్వకూడదు."

"రెండోదే చదవండి మరి! ఇంత వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమెందుకు?"

"దాని మొదటి వాక్యం నోట్లోంచి రాదు బాబాయ్."

"ఏంటది?"

"'ఈ నష్టానికి కారణం నేను రాసిన రూలు.'"

"ఎవరు రాశారా వాక్యం?"

"నేనే. నిన్న రాశాను. ఇవాళ చదువుతుంటే ఎవడో ధైర్యవంతుడు రాసినట్టుంది."

"ఉద్యోగం పోతుందా?"

"పోదు. పరువు పోతుంది."

"అదింకా ఉందనుకుంటున్నారా సార్?"

"అంత మాటన్నావేంటి బాబాయ్!"

"తప్పుగా అనుకోకండి. కత్తి మళ్ళీ తీస్తున్నాను, కదలకండి. నా సంగతి చెప్తాను వినండి. మీరు మొదటి కాగితం చదివితే ఈ షాపుండదు. మూడు నెలలు మూసి కూర్చుంటే జనం ఇళ్ళల్లో గీసుకోవడం నేర్చేసుకుంటారు. ఆ తర్వాత తెరిచినా ఎవడొస్తాడు? నాకింకో పని రాదు సార్. ఇందాకట్నుంచి నవ్వుతూ చెప్తున్నాను గానీ, భయంగా ఉంది. పొద్దున తలుపు తీస్తున్నప్పుడల్లా భయమేస్తోంది."

"నాకు నీ అర్జీ గుర్తుంది బాబాయ్. చదవలేదు. పైన 'సెలూన్' అని చూసి, సున్నా చూసి, సంతకం పెట్టేశాను. ఆ రోజు అలాంటివి అరవై వచ్చాయి."

"అరవైలో నాదొకటి. సరే. ఈ పక్క అయిపోయింది సార్. తుడిచేశాను."

"ఇంకో పక్క?"

"నీళ్ళైపోయాయి."

"ఏంటీ?"

"మగ్గు ఖాళీ సార్. చూడండి."

"బకెట్లో?"

"ఇవాళ బ్యాంకుకి సెలవు. ఏసీ వెయ్యలేదు. ఉన్నది నిన్నటి మగ్గే."

"పొడిగానే గీసెయ్!"

"నెత్తురొస్తుంది సార్. నీళ్ళ ఆఫీసరు గొంతు దగ్గర నెత్తురు చూస్తే ఊళ్ళో వాళ్ళు నాకు సన్మానం చేస్తారు. ఈ వయసులో నాకెందుకవన్నీ?"

"టైలరు దగ్గర ఒక చెంబు అడుగు."

"పెళ్ళికని ఊరెళ్ళాడు. నాలాగా తాళం చెవి పక్కవాడికిచ్చి వెళ్ళే రకం కాదు వాడు. మీ ఇంటికెళ్ళి కానిచ్చుకోండి."

"ఇవాళ మా వీధికి నీళ్ళు వచ్చే రోజు కాదు."

"ఎవరు వేశారో ఆ టైంటేబులు!"

"తెలిసే అడుగుతున్నావు. అద్దం ఇలా ఇవ్వు. ఓరి నాయనో! కుడి పక్క ఆఫీసరు, ఎడమ పక్క పరారీలో ఉన్నవాడు."

"రుమాలు అడ్డం పెట్టుకోండి. పన్ను నొప్పని చెప్పండి."

"బాబాయ్."

"సార్."

"ఈ మొహంతో వెళ్తే, ఇదేంటని అడుగుతారు కదా?"

"అడక్కుండా ఉండలేరు."

"అడిగితే నీళ్ళు లేవని చెప్పాలి."

"చెప్పాలి."

"ఎందుకు లేవంటే..."

"ఇంకెక్కడికి పోతారు సార్? మొదటి వాక్యం అయిపోయినట్టే. కాగితం కూడా తియ్యక్కర్లేదు."

"సిగ్గుగా ఉంది బాబాయ్. నిజం చెప్తున్నాను, చచ్చేంత సిగ్గుగా ఉంది. కానీ రుమాలు వద్దు. ఇలాగే వెళ్తాను. ఇదిగో, ఆ మొదటి కాగితం. చింపెయ్."

"చింపడమెందుకు, ఇలా ఇవ్వండి. ముక్కలు చేసి కత్తి తుడుచుకుంటాను. కడిగే నీళ్ళు మిగులుతాయి."

"నీ అర్జీ నంబరు చెప్పు, ముందు అదే చదువుతాను. నంబరు ఎందుకులే, సెలూనే కదా. అబ్బా, హాలు నిండా ముప్పై మంది నున్నటి మొహాలు, మధ్యలో నేనొక్కణ్ణి ఇలా. చైర్మన్ గారు చూశారంటే అక్కడే లేచి అరుస్తారు."

"ఆయనేం అరవరు సార్."

"నీకు తెలీదు ఆయన సంగతి. మొదటి కాగితమే చదవమన్నది ఆయన. 'ముందా గడ్డం సంగతి చూసుకో, మార్కెట్ వీధిలో ఒక షాపు తెరిచే ఉంది' అని ఇందాక ఫోన్లో చెప్పి నన్ను ఇక్కడికి తోలింది కూడా ఆయనే."

"తెలుసు సార్. వచ్చేవాడు ఎవరో, ఏం ఆఫీసరో అన్నీ చెప్పే వెళ్ళారు. తనొక్కడే అలా కూర్చోవడం ఇష్టం లేక మిమ్మల్ని పంపుంటారు."

"ఎలా కూర్చోవడం? ఆయన ఇక్కడికొచ్చారా?"

"గంట క్రితం ఇదే కుర్చీలో కూర్చున్నారు. పొద్దున్నుంచి నా దగ్గరున్నది ఆ ఒక్క మగ్గే సార్. ఆయనకి ఎడమ చెంప గీశాను, మీకు కుడి చెంప గీశాను. ఇంతకంటే న్యాయంగా పంచడం నాకు చేతకాలేదు."