గుంటూరు బస్సుకి తోడు

(1985. ఒంగోలులో ఒక కాలేజీ స్టాఫ్‌రూము. ఫిలాసఫీ లెక్చరర్ జయరావు, బి.ఏ. విద్యార్థిని ఖుర్షిదా.)

“వక్తృత్వ పోటీకి నా పేరు కొట్టేసింది మీరేనా సార్?”

“మెల్లగా మాట్లాడమ్మా. గుంటూరుకి సెకండొచ్చిన ఇమ్మానియేలు వెళ్తున్నాడు. అయిపోయింది.”

“కాలేజీలో ఫస్టొచ్చింది నేను సార్.”

“కాదన్నానా? ఆడపిల్ల పోటీకని ఊరు దాటితే లేడీ లెక్చరర్ తోడుండాలి. మన డిపార్టుమెంటులో ఎవరున్నారు?”

“ఎందుకు లేరు?”

“ఎందుకంటే... లేరు! చదివితేగా ఉండేది?”

“లేరని పంపరు. పంపకపోతే ఎలా ఉంటారు? బాగుంది సార్, భలే బాగుంది!”

“నోరు, నోరు!”

“మా అమ్మ వస్తానంటోంది. మిరపకోతలు మానుకుని మరీ.”

“మీ అమ్మా? సంతకం కూడా రాని మనిషిని సభలో కూర్చోబెడతావా? నవ్వుతారు.”

“మా అమ్మనేమీ అనొద్దు సార్. నాకు ఒళ్ళు మండుద్ది.”

“సరే, సరేలే. నీ పాయింట్లు ఇమ్మానియేలుకిచ్చెయ్. చక్కగా చెప్తాడు.”

“విషయమేంటో గుర్తుందా సార్? ‘తత్త్వవేత్తల్లో స్త్రీలెందుకు లేరు?’ అది కూడా అతనే చెప్పాలా?”

“ఎవరు చెబితే ఏంటి? వాదన ముఖ్యం.”

“ఆడదాని బుద్ధికి అధికారం లేదని ఆ గ్రీకాయన అంటే నోట్సు రాయించారే! చదువుకున్న ఆడది గడ్డం కూడా పెంచుకోవచ్చన్నాడని జర్మనీ ఆయన గురించి చెప్పి క్లాసంతా నవ్వించారే! అందులో వాదనేముంది సార్?”

“వాళ్ళు మహానుభావులు. ఏదో, ఆ కాలం...”

“మరి ఇప్పుడిది ఏ కాలం సార్?”

“ఇదిగో ఖుర్షిదా, విసిగించకు! ఎమ్మే ఫిలాసఫీ చదివిన ఆడమనిషిని ఈ ఒంగోల్లో ఒక్కర్ని చూపించు. నేనే టిక్కెట్టు కొని బస్సెక్కిస్తా.”

“మాటేనా?”

“మాటే. చూపించు మరి!”

“గేటు దగ్గర రిక్షాలో కూర్చున్నారు సార్.”

“ఎవరు?”

“ఎలీసమ్మ గారు.”

“మా... మా ఆవిడా? అదెప్పుడో పెళ్ళికి ముందు చదివింది. ఇప్పుడు దానికేం...”

“నిన్న మీ ఇంటికెళ్ళి ఏడ్చాను సార్. ఆవిడే చెప్పారు: ‘ఎవరున్నారో చూపించు అంటారు మీ సారు. అప్పుడు నా పేరు చెప్పు. అంతదాకా ఆయనకి నేను గుర్తురాను’ అని.”