బొడ్డు మీద కాణీ

హలో… గూడూరేనా? నిమ్మకాయల మండీనా?… హనీఫన్నా! నేను, అమీర్‌ని. మద్రాసు ఆస్పత్రి నుంచి.

ఆపరేషనా… అయింది.

లేదన్నా… నా బిడ్డ లేడు.

…పొద్దున పదింటికి. బల్ల మీదనే.

…బీజాన్‌కు తెలుసు. గోడకేసి చూస్తా కూర్చోనుంది. కన్నతల్లి గదా.

డాక్టరేమన్నాడా? బొడ్డుకాడ ఉబ్బింది పేగు కాదంట. గుండె.

గుండెన్నా! పుట్టుకతోనే రొమ్ము కింద కండ కలవలేదంట. ఆ సందులోంచి గుండె కొన బొడ్డుకాడికి జారిందంట. లక్షమందిలో ఒకరికి కూడా రాదంట. మనకొచ్చింది.

…లోపలికి పెట్టి కుట్టేద్దామనే కోసినారు. కొన నలిగి పల్చబడుందంట. చెయ్యి తగలంగానే… చిట్లిపోయింది.

ఎందుకు నలిగిందా? నన్నడుగుతావా? నువ్వు ఇంట్లో లేవా?

కాణీ అన్నా! ఉబ్బు అణగాలని అమ్మ పెట్టిన రాగి కాణీ! పైన గుడ్డ కట్టి… నలభై దినాలు.

అమ్మనెందుకులే. ఆమె చేతుల్లో సత్తువ లేదు గదా. రోజూ బిగించింది నేను. ఈ చేతుల్తోనే.

గుడ్డ కింద ఆ కాణీ ఎగిరెగిరి పడతా ఉంటే నవ్వినాం, జ్ఞాపకముందా? 'వీడు అప్పుడే కాణీలాడిస్తన్నాడు, మండీ వీడిదే' అన్నావు. అది గుండె కొట్టుకోవడమన్నా. మన కళ్ళ ముందరే కొట్టుకుంది.

…ఏడవబాకన్నా. మండీలో చూస్తారు.

ఏంది, అమ్మ నీ పక్కనే ఉందా? వద్దు, ఫోను ఇయ్యబాక. నేనేం చెప్పేది… అన్నా—

…అమ్మా.

ఆ, నేనే.

…పోయినాడమ్మా. అల్లా తీసుకున్నాడు.

లేదు, నొప్పి తెలీలేదు. మత్తిచ్చినారు.

…కాణీనా? కాణీ వల్ల… ఏం కాలేదమ్మా. నీ తప్పేం లేదు. ఆ కట్టు ఉండబట్టే ఇన్నాళ్ళన్నా నిలిచినాడంట. డాక్టరే చెప్పినాడు.

…ఆ, నిజంగానే.

…నా జేబులోనే ఉంది. ఎందుకు?

ఎవురికి… పక్కింటి చెంచమ్మ మనవడికా?

వాడికీ బొడ్డు ఉబ్బిందా? ఎన్నాళ్ళ బిడ్డ?

…ఇది వచ్చేదాకా వేరే కాణీ పెట్టినావా? నిన్ననే కట్టించినావా?

అమ్మా, విప్పెయ్. పోయి విప్పెయ్. నేను చెప్పింది అబద్ధం—

ఏందండీ? మూడు నిమిషాలు అయిపోయినాయా? ఒక్క మాట, ఆపరేటరు గారూ, ఒక్క మాట—

అమ్మా, విన్నావా? విప్పమన్నా! అబద్ధం చెప్పినా నీకు! అమ్మా…

హలో… హలో…