తుంగ మడుగు

తొంభైల చివర, పటాన్‌చెరు దగ్గర. బట్టలకు రంగులద్దే చిన్న షెడ్డు వెనక మడుగు ఒడ్డున షెడ్డు యజమాని, అతని బావ కూర్చున్నారు.

“షెడ్డు నీళ్లు ఇగ సీదా వాగుల కలవయ్, బావా. ఇసుకల, తుంగల పారి, తేటయినంకనే గీ మడుగులకొస్తయి.”

“ఒకప్పుడు వాగే తేటగుండె. కొర్రమట్టలు పట్టుకొస్తే, మీ అక్క పులుసు వాసనకు వాడంత లేచొచ్చేది.”

“గందుకే, నీళ్లు బాగైనయో లేదో సూద్దామని మడుగుల పరక చాపలు ఇడిసిన. పిల్లలు గూడ పెట్టినయ్, సూడు.”

“అరె, నిజమే! వల తేవాల్నా?”

“మొదలు పడ్డ చాపను మళ్ల నీళ్లల్లనే ఇడిసేటోళ్లం గద. ఎక్కడ ఇడుస్తవ్?”

“వాగులనే, ఎప్పటిలెక్క.”

“ఇప్పుడు ఇడిస్తే చస్తది. పక్క షెడ్ల రంగునీళ్లు ఇంక వాగులకే పోతున్నయ్; గిట్లనే తేట చేద్దామని ఆళ్లు తుంగ మొక్కలు ఇప్పుడిప్పుడే తీస్కపోతున్రు.”

“అయితే వాగు తేటయ్యేదాంక జెర ఆగుదాం. అటక మీది వల చినిగింది. గప్పటిదాంక కుట్టుకుంట.”