ఫొటో మూలనున్న చెయ్యి

అద్దంకి దాటాక మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. దాని గేటు లోపల, కార్లకు కరెంటు ఎక్కించే స్టేషన్ ఒకటి. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు. గుంటూరు నుంచి ఒంటరిగా కారులో వచ్చిన రిటైర్డు లెక్కల మాస్టారు ఇమ్మానియేలు. అక్కడే టీ బంకు నడుపుతూ, ఆ మిషను తాళం చూసుకునే జోహరాబీ. ఆయనకు ఇంకా నాలుగు గంటల గడువుంది.

"అది వెలగదు సార్. ఎంతసేపు చూసినా వెలగదు."

"అయితే పనిచేయడం లేదన్నమాట."

"చేయకపోవటమేంటి? మీ బండిలో చూసుకోండి. ఎక్కతానే ఉంది."

"బండిలో ఎక్కుతోందమ్మా. నాకు కావలసింది ఈ మిషను తెర మీద అంకె. ఎన్ని యూనిట్లు ఇచ్చిందో అది చూపించాలి, నేను దాన్ని ఫొటో తీయాలి."

"తెర పోయిన ఎండాకాలమే మాడిపోయింది. లోపల కరెంటుకేం ఢోకా లేదు. నేను తాళం తిప్పితే పారుద్ది, మళ్ళీ తిప్పితే ఆగుద్ది."

"బాగుచేశారని నిన్ననే స్టేషన్ల లిస్టులో రాశారే!"

"చెడితే గదా సార్, బాగుచేయటానికి."

"మరి ఇప్పుడు నేనేం చేయాలి?"

"టీ తాగండి."

"టీ సంగతి కాదమ్మా. మాకొక పోటీ ఉంది. ఎవరు ఎక్కువ స్టేషన్లకు వెళ్ళి కరెంటు ఎక్కించుకుంటే వాళ్ళు గెలిచినట్టు. సాయంత్రం ఆరింటికి లిస్టు మూసేస్తారు. నావి రెండు వందల ముప్పై తొమ్మిది. విజయవాడ డాక్టరు గారివీ అన్నే. ఇదొక్కటి పడితే నేను పైన ఉంటాను."

"పైనంటే? ఎక్కడ పైన?"

"లిస్టులో."

"ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వరు. పేరుంటుంది."

"దానికోసం ఇంత ఎండలో, ఒక్కరే... ఇంట్లో ఏమీ అనరా?"

"అనడానికి ఎవరున్నారు? రోజు మొత్తం మీద నాతో మాట్లాడేది ఈ కారొక్కటే. సీటు బెల్టు పెట్టుకోమంటుంది."

"నవ్వొస్తంది గానీ నవ్వకూడదు లెండి. ఇట్టా వచ్చి బల్ల మీద కూర్చోండి. మీ కార్లోళ్ళంతా ఇంతే, గంటసేపైనా అద్దాలెక్కించుకుని లోపలే ఉంటారు. ఈ మిషను పెట్టి రెండేళ్ళు. దిగొచ్చి నా బల్ల మీద కూర్చున్నది ఒక్క మనిషే, చీరాల చీరలక్క."

"ఎవరు?"

"వెంకటేశ్వరమ్మక్క. నీలం బండి, వెనక సీటంతా చీరల మూటలు. ఆమె కూడా మీలాగే మిషన్లు లెక్కపెట్టుకుంటా తిరుగుద్ది. తెలీదా మీకు?"

"పేరు... విన్నాను."

"పేరేనా? మీరు మాస్టారే గదా? మీ మాటే చెప్తంది. ఆమె నోట్లో ఎప్పుడూ గుంటూరు మాస్టారు, గుంటూరు మాస్టారు అనే."

"గుంటూర్లో మాస్టార్లకేం తక్కువమ్మా?"

"మిషన్లు లెక్కపెట్టే మాస్టార్లు ఎంతమంది సార్?"

"...నేనే. పొద్దున ఆరింటికి 'ఎక్కడ?' అని ఆవిడ మెసేజీ పెట్టేది. నేను ఊరి పేరు పెట్టేవాణ్ణి. కనిగిరి అనో, కొత్తపట్నం అనో. అంతే."

"అంతేనా?"

"అంతే. రెండేళ్ళ పాటు, ఒక్క రోజు తప్పకుండా."

"ఇప్పుడు పెట్టట్లేదా?"

"పది రోజులైంది మానేసి. ఆవిడ పేరు తీసేశారు. ఒక్కటి అబద్ధమని తేలితే అన్నీ కొట్టేయాలని మా నిబంధన. ఆవిడవి రెండు వందల నలభై ఒకటి. మొత్తం పోయాయి."

"ఏది అబద్ధమంట?"

"ఇదే. ఈ స్టేషనే."

"ఇక్కడికి రాలేదన్నారా?"

"వచ్చింది గానీ కరెంటు ఎక్కించుకోలేదన్నారు. ఆవిడ పెట్టిన ఫొటోలో తెర నల్లగా ఉంది. దాని మీద ఫిర్యాదు వచ్చింది."

"ఎవరిచ్చారు?"

"ఎవరో. పేర్లు బయటపెట్టరు."

"ఏమని రాశారు?"

"'పనిచేయని యంత్రం ముందు నిలబడి ఫొటో తీసుకున్నంత మాత్రాన అది లెక్కలోకి రాదు. నిజమేమిటో అడిగి తెలుసుకుందామంటే ఆ స్థలంలో మనిషన్నవాడు లేడు. కావున నిబంధనను ఉన్నది ఉన్నట్టు అమలు చేయవలసిందిగా కోరుతున్నాను.'"

"అబ్బో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పారే!"

"గ్రూపులో అందరికీ పెట్టారు. చదివాను."

"మనిషి లేడా? పదకొండేళ్ళ నించి ఈ గేటు కాడే ఉన్నా సార్ నేను. ఈ మిషను రాకముందు నించీ. మరి నేనెవర్ని?"

"వాళ్ళ ఉద్దేశం అది కాదమ్మా..."

"ఎవరి ఉద్దేశం?"

"ఆ రాసినవాళ్ళది."

"ఆ ఫొటో ఉందా మీ కాడ?"

"ఉంది. ఇదిగో, చూడు. తెర పూర్తిగా నలుపే."

"తెరనే అంత పెద్దది చేసుకుని చూస్తే ఇంకేం కనపడుద్ది? చిన్నది చేయండి. ఇంకా. ఇప్పుడు కింద మూలకి రండి. ఏంటది?"

"గోనెసంచి."

"దాని మీద?"

"మిరపకాయలు."

"కాయల మధ్యన?"

"...చెయ్యి."

"గాజులు ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"ఇటు చూడండి. ఇయ్యేనా, కాదా?"

"ఇవే."

"ఆ రోజు మూడు గంటలుందక్క. నేను కాయల తొడిమలు తీస్తన్నా. ఊరికే కూర్చోటం దేనికని తనూ తీసింది. చీరలు మడతపెట్టే చేతులు, ఏం అలవాటు? మండిపోయి మజ్జిగ్గిన్నెలో ముంచుకు కూర్చుంది. మళ్ళీ తీసింది. ఒకటే గేటుకేసి చూస్తంది. ఎవరక్కా వచ్చేది అంటే, 'మాస్టారు ఇయాళ అద్దంకిలోనే ఉన్నారు, నేనిక్కడున్నానని పెట్టా, ముగ్గురికి టీ పెట్టు' అంది. మీకా మెసేజీ అందలేదా?"

"అందింది."

"మరి?"

"ఆవిడ అప్పటికే నాకంటే ముందుంది. ఆవిడ ఎక్కించుకుని పోతుంటే వెనకాలే వెళ్ళి నిలబడడం... మనసొప్పలేదు."

"అందుకని రాలేదు."

"రాలేదు."

"అక్క ఎళ్ళిపోయాక, పొద్దుగూకే ముందు, తెల్ల కారొకటొచ్చింది. మిషను ముందు ఆగింది. మిగిలిన టీ గ్లాసులో పోసుకుని నేను ఎదురెళ్ళా. అద్దం కూడా దించకుండా తిప్పుకు పోయింది."

"తెల్ల కార్లు చాలా ఉంటాయమ్మా."

"ఉంటయ్ సార్. మీదీ తెలుపే గదా. టీ చల్లారిపోతంది, తాగండి."

"...నీ పేరేమిటమ్మా?"

"జోహరాబీ."

"జోహరాబీ గారూ, ఒక కాగితం మీద సాక్ష్యం రాసిస్తారా? తెర పోయింది గానీ కరెంటు వస్తోందని."

"ఎవరి కోసం? మీకా, అక్కకా?"

"ఎవరికైనా రాసేది ఒకటే కదా."

"రాసేది ఒకటే. మీకిస్తే ఏమవుద్ది?"

"నావి రెండు వందల నలభై అవుతాయి. నేను పైన ఉంటాను."

"అక్కకిస్తే?"

"ఆవిడవి రెండు వందల నలభై ఒకటీ తిరిగొస్తాయి."

"అంటే మీరు కింద."

"అవును."

"మీ కాడ నిజమైన మాట అక్క కాడ అబద్ధం ఎట్టా అవుద్ది? లెక్కలు తెలిసినోరు, మీరే చెప్పండి."

"అవదు."

"మరింకేం?"

"ఆవిడకే ఇవ్వండి. ముందు ఆవిడకి. కాగితం తెస్తానుండండి, కార్లో ఉంది."

"కాగితం వద్దు. వీడియో తీయండి. నా మొహం పడాలి. ఇక్కడ మనిషుందని తెలియాలి గదా వాళ్ళకి."

"సరే. చెప్పండి."

"ఆగండి, కొంగు సర్దుకోనీండి. ఆ... నా పేరు జోహరాబీ. పదకొండేళ్ళ నించి ఈ గేటు కాడ టీ పెడతన్నా. ఈ మిషను తాళం నా కాడే ఉంటది. తెర మాడిపోయింది గానీ కరెంటు వస్తంది. ఆ రోజు వెంకటేశ్వరమ్మక్క బండికి నేనే తాళం తిప్పా, మూడు గంటలు ఎక్కింది. ఫొటో మూలనున్న చెయ్యి నాది. ఎవురొచ్చి అడిగినా చెప్పేదాన్ని. ఎవరూ అడగలా. చాలా సార్?"

"చాలు. ...పోటీ కమిటీకి పంపించాను. మూడు కూడా కాలేదు, టైముంది. వాళ్ళు చూస్తారు."

"అక్కకి చెప్పండి మరి."

"చెప్పలేను. పేరు తీసేసిన రోజు పదకొండు సార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు."

"నాది ఎత్తుద్ది. ప్రతి శుక్రవారం మాట్లాడుకుంటాం మేం, ఈ గొడవ మాత్రం నాకు చెప్పలా. ...అక్కా! నేను జోహరాని. నీ మాస్టారొచ్చారు. ఆ, ఇక్కడే, నా బల్ల మీదే. స్పీకరు పెడతన్నా, మాట్లాడు."

"మాస్టారూ! నాకు తెలుసండీ, మీరొక్కరైనా అక్కడికి వెళ్ళి చూస్తారని! ఫోన్ ఎత్తకపోతే ఒంట్లో ఎలా ఉందో ఏమోనని భయపడ్డా. పొద్దున్నే ఫోన్ తీయడం, మీ పేరు దాకా వచ్చి ఆగిపోవడం. ఏం మొహం పెట్టుకుని అడగను, దొంగ లెక్కలదని పేరు పడ్డాక?"

"మీ మాట నిజమని జోహరాబీ గారు వీడియోలో చెప్పారండీ. కమిటీకి పంపాను."

"ఆ లిస్టు పోతే పోయిందండీ. నాకు ఒక్కటే కావాలి. ఆ రాసినాయన్ని ఎదురుగా నిలబెట్టి, అడగడానికి మనిషి లేడని ఎట్లా రాశావయ్యా, నువ్వు కారు దిగావా అని అడగాలి. ఎవరో కనుక్కున్నారా?"

"...కనుక్కున్నాను."

"ఎక్కడ?"

"ఈ బల్ల మీదే, వెంకటేశ్వరమ్మ గారూ. కారు దిగి, మీ మాట వింటున్నాడు."