బుగ్గలో జాజికాయ

"నవ్వండి, నవ్వండి! ఈ ఎంఖాయిజన్ రేవులో సైబ్రంట్ మాటకి నవ్వనివాడెవడు? కానీ ఈవేళ నవ్వించడానికి రాలేదు నేను. హిల్లెగొండా, ఆ బీరు పోయడం కాస్త ఆపి విను. పెళ్ళి మాట ఇవాళ తేల్చేస్తానన్నావు. అది తేలేదాకా నీ కొట్లోంచి లేచేది లేదు.

బందా దీవుల్లో కళాసిగా దిగానా, అక్కడ జాజికాయ వ్యాపారమంతా మన డచ్చి కంపెనీదే. మొలిచే కాయ ఒక్కటి బయటికి పోయిందా, వాళ్ళ కొంప మునిగినట్టే. అందుకే ఓడెక్కేవాణ్ణి జుట్టు విప్పించి మరీ వెతుకుతారు. నేనేం చేశానూ? పచ్చికాయ ఒకటి బుగ్గన పెట్టుకుని, పన్నునొప్పని మూలుగుతూ ఎక్కేశాను!"

"ఇంతవరకూ నమ్మొచ్చులే," అన్నాడు చేపలకి ఉప్పు పట్టించే హార్మెన్.

"ఆగవయ్యా, అసలు కథ ముందుంది. ఆఫ్రికా కొస దాటేసరికి నోట్లో ఒకటే గిలిగింత. కాయ మొలకెత్తింది!"

"మరి రొట్టె ఎలా నమిలావు?" అన్నాడు హార్మెన్.

"రెండో బుగ్గ లేదూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెవిలోంచి కొమ్మ వచ్చింది. ఇంతలో తుఫాను, తెరచాప కొయ్య ఫెళ్ళున విరిగింది. నన్నే ఓడ మధ్య నిలబెట్టి, నా చెట్టుకే తెరచాప కట్టారు. కాళ్ళు బిగబట్టి నిలబడ్డాను, ఇంటిదాకా కదిలితే ఒట్టు!"

"నిద్రో?"

"చెట్లు పడుకుని నిద్రపోతాయా ఏంటి? రేవు చేరేసరికి విరగకాసింది. ఆ వాసనకి ఊళ్ళో పాలజావలన్నీ వాటంతటవే ఘుమఘుమలాడాయి. కంపెనీ వాళ్ళు గొడ్డళ్ళతో పరుగెత్తుకొచ్చి నరికారు, తగలబెట్టారు. ఒక్క కాయ మాత్రం దాచాను. ఇదిగో! కంపెనీ చెయ్యి తగలని కాయ ఈ దేశంలో ఇదొక్కటే. నీకోసమే హిల్లెగొండా, పుచ్చుకుని ఔనను."

హిల్లెగొండ కాయ అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, తన నల్ల గౌను మీద ఒక్క రుద్దు రుద్దింది. తెల్లటి చార పడింది.

"సున్నం," అంది. "ఎక్కడా మొలవకూడదని కంపెనీ వాళ్ళు సున్నంలో ముంచి అమ్మే కాయ. నా వంటింట్లో డబ్బాడున్నాయి. నీ చెట్టు సున్నం కొట్టుకుని మరీ కాసిందా, సైబ్రంటూ?"

కొట్టంతా ఘొల్లుమంది. హార్మెన్‌కి బీరు పొలమారింది.

సైబ్రంట్ మాత్రం లేవలేదు. "పెళ్ళి సంగతి చెప్పు," అన్నాడు.

"దీన్ని పట్టుకెళ్ళి నాటు. మొలిచిన రోజునే చేసుకుందాం."

మళ్ళీ నవ్వులు. సైబ్రంట్ కాయ వెనక్కి తీసుకుని, ఉమ్మి తడిపి, చొక్కా అంచుతో సున్నమంతా శ్రద్ధగా తుడిచాడు.

"కుండ ఇయ్యి," అన్నాడు.