ఎదురుగా నిలబడితే ఎడమ

హలో… ఆ, నేనే. ఇంకెవరు ఎత్తుతారనుకున్నారు?… కోపమేం లేదు, నా గొంతే ఇంత… ఆగండి, షాపులో ఉన్నా, చేతికంతా గ్రీజు. తుడుచుకోనివ్వండి.

ఆ, చెప్పండి. గాలి కొట్టించారా?… వెనక, కుడివైపు, లోపలి టైరుకే కదా?… మరి నా ఫోన్లో దాని అంకె ఇంకా నేలచూపులే చూస్తోందేం!

ప్లగ్గు సరిగ్గా ఉందా?… అదే, స్టీరింగ్ కింద, మీ మోకాలి దగ్గర సాకెట్లో పెట్టింది… పచ్చలైటు వెలుగుతోందా?… అయితే దానిదేం తప్పు లేదు. చక్రాల్లో ఎంత గాలుందో బండి దానికి చెబుతుంది, అది నాకు చెబుతుంది. మీలాగా మధ్యలో దాచుకోదు…

ఏం లేదు, మాటవరసకన్నా.

ఇదిగో, కుడిది పెరగలేదు. ఎడమ లోపలిది పెరిగింది! ఒకదానికి కొట్టించమంటే ఇంకోదానికి కొట్టించారా?… ఒట్లు పెట్టకండి… అన్నం తినే చేతి వైపేనా?… ఊఁ.

సరే, లారీ తియ్యకండి. దిగండి… ఎండైతే అయింది, కరిగిపోరు. రాడ్డు తీసుకుని వెనక్కి నడవండి. ఫోన్ పట్టుకునే.

కుడి లోపలిదాన్ని కొట్టండి. ఫోన్ దగ్గర పెట్టి… ఆ. ఠంగుమంది. రాయిలా ఉంది. ఇప్పుడు అటెళ్లి ఎడమ లోపలిది…

మళ్లీ కొట్టండి.

ధబ్బుమంటోంది… విన్నారా? ఫోన్లో కుడిది దిగిపోయిందని ఉంది, అక్కడ దిగిపోయింది ఎడమది!… టైర్లెవరూ అటూ ఇటూ మార్చలేదు కదా?… అంటే ఫోన్లో చక్రాల పేర్లు తారుమారయ్యాయి. కుడివన్నీ ఎడమ, ఎడమవన్నీ కుడి.

పేర్లు ఎక్కించింది నేను. ఒక్కో చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఎక్కించాను. నావి తప్పు కావు… ఇంటి దగ్గర గేజి పెట్టుకుంటాను గానీ ఫోన్ చూస్తానా?… ఎవరు మార్చారు?… దానంతటదే మారడానికి అదేమన్నా మీ మాటా!

మెకానిక్కా? ఏ మెకానిక్కు?… నీళ్లు నములుతారేం?

నేను చెప్పనా? ఈ తప్పు డ్రైవరు చెయ్యడు, మెకానిక్కు చెయ్యడు. సీట్లో కూర్చుంటే ఎడమచేతి వైపుండేది ఎడమ, అంతే వాళ్లకి… మా నాన్న ఒక్కడే బండి ముక్కుకి ఎదురుగా నిలబెట్టి పని నేర్పాడు. మనిషితో మాట్లాడినట్టే బండితోనూ ఎదురుగా నిలబడి మాట్లాడాలట. నిలబడ్డ మనిషికి ఎడమేదో బండికీ అదే ఎడమట. ఆ పిచ్చి లెక్క నేర్చుకున్నది ఇద్దరే ఇద్దరు. ఒకతెను నేను. నేనూ మొదట అలాగే ఎక్కించేసి, నాలిక్కరుచుకుని మళ్లీ దిద్దాను…

రెండో ఆవిడెవరో నేను చెప్పనా, మీరు చెబుతారా?

…

అనుకున్నా. అనుకుంటూనే ఉన్నా.

ఎప్పుడెళ్లారు మా అక్క దగ్గరికి?… చలికాలంలోనా! ఇన్ని నెలలు కడుపులో పెట్టుకుని తిరిగారా?… ప్లగ్గు వదులైతే కట్టుకున్న పెళ్లానికి చెప్పాలనిపించలేదూ?… నేను అరుస్తానని చెప్పలేదా? ఇప్పుడేమన్నా జోలపాట పాడుతున్నానా?

ఆవిడగారు బిగించి, పేర్లు కూడా మళ్లీ ఎక్కించిందన్నమాట. ఎంత శ్రద్ధో… టీ ఇచ్చిందా?… ఇచ్చింది! నిలబడి తాగారా, కూర్చునా?… బెంచీ మీదా, నాన్న కుర్చీలోనా?… నాన్న కుర్చీలో కూర్చోబెట్టింది. బాగుంది. ఏం మాట్లాడుకున్నారు?… ఊరికే అంటే?… నవ్విందా?… ఎందుకు నవ్వింది?

అవును, కుళ్లే! కాదని నేనన్నానా?… మీకు మొదట్నుంచీ దాని చెయ్యే గొప్ప. మొదటిసారి మా నాన్న షాపుకొచ్చినప్పుడు, నేను జాకీ పట్టుకుని ఎదురొస్తే "పెద్దమ్మాయి లేదా?" అనలేదూ?… మీకు గుర్తుండదు. నాకుంటుంది. నాన్నా అంతే. పెద్దదాని చెయ్యి, పెద్దదాని చెయ్యి! పోతూ పోతూ షాపు కూడా ఆ చేతిలోనే పెట్టి పోయాడు…

ఏడవట్లేదు. ఇక్కడ ట్యూబు అతికిస్తున్నారు, ఆ పొగ.

ఆ… ఏది, టైరా? ఉండండి, చూస్తా… అమ్మో. మనం మాట్లాడుతుండగానే ఇంకా దిగిపోయింది. ఇదిగో వినండి, ఈ లోడుతో ఒక్క అడుగు కూడా కదలొద్దు. బరువంతా పక్కదాని మీద పడి అదీ పేలుతుంది. పేలితే ఏమవుతుందో తెలుసుగా… కొంచెం దూరం కూడా వద్దు. వద్దంటే వద్దు. నాకు మీరు కావాలి, సరుకు ఎప్పుడు చేరితే నాకేం.

నేను బయల్దేరి వచ్చేసరికి సాయంత్రమవుతుంది… దగ్గర్లో ఎవరున్నారు?…

చెప్పొద్దు. అక్కడ ఎవరి షాపుందో నాకూ తెలుసు.

… ఉన్నాను. ఆలోచించుకోనివ్వండి.

…

సరే, పిలవండి… దాన్నే. నేను పిలవమన్నానని అనకండి… మీ అంతట మీరు పిలిచారనీ అనకండి! ఉత్తినే "టైరు పోయింది" అనండి. "వదినగారూ, వదినగారూ" అంటూ నాలుగుసార్లు సాగదియ్యకండి. ఒక్కసారి చాలు.

ఏమిటా చప్పుడు?… ఎవరొచ్చారు?… ఇంకా ఫోనే చెయ్యందే ఎలా వస్తుంది!… అబద్ధం. ముందే పిలిచేశారు… లేదా? మరి కంప్రెసర్ వేసుకుని ఇటే ఎందుకొస్తుంది, షికారుకా?

ఫోన్ దానికివ్వండి… ఇవ్వండంటున్నానా!

…

…

అక్కా.

… బాగానే ఉన్నాలే. నీకెలా తెలిసింది ఇది?… నీ ఫోన్లోనా? మా బండి లెక్కలు నీ ఫోన్లో ఎందుకున్నాయి?… ఆయన పెట్టుకోమన్నాడా, నువ్వడిగావా?… నువ్వే అడిగావు. పైగా దర్జాగా చెబుతున్నావు!

… కుడిది దిగిపోయి ఎడమది పెరగడం నువ్వూ చూశావా?… ఎదురుగా నిలబడి ఎక్కించావు కదూ. చూడగానే తెలిసిందిలే ఎవరి నిర్వాకమో… నవ్వకు. ప్రాణాలమీదికొచ్చేది.

అయితే మా ఆయన ఎక్కడ ఆగాడో, ఎప్పుడు కదిలాడో రోజూ చూసుకుంటూ కూర్చున్నావన్నమాట… మరి? ఆయన కోసం కాదంటే ఎవరి కోసం—

…

నా కోసమేంటి?

… నేను గాలి కొడితే నీకేం కనిపిస్తుంది? అంకె పెరుగుతుంది. ఎవరు కొట్టినా పెరుగుతుంది…

ఎక్కువ కొట్టేసి, మళ్లీ కాస్త వదులుతానా?… అన్నిటికీనా?… నేనెప్పుడూ గమనించుకోలేదు. నాన్న తిట్టింది దీనికేనా?

… అది చూసి, "లేచింది, పనిలోకి దిగింది" అనుకుంటావా.

…

పోయిన నెల జ్వరమొచ్చి పడుకున్నా. బండి ఇంటి దగ్గరే ఉంది, గాలి ఆయనే కొట్టుకున్నాడు… అదీ తెలిసిందా?… అంకె తిన్నగా ఎక్కి ఆగిపోయిందా… ఎవర్నైనా అడగొచ్చుగా… ఎవర్నీ అడక్కుండా ఊరికే దాన్నే చూస్తూ కూర్చున్నావా అక్కా?

ఫోన్ చెయ్యొచ్చుగా!… అవును, నా గుమ్మం తొక్కొద్దన్నాను. అన్నాను. ఫోన్ చెయ్యొద్దని అన్నానా?

… నాకిప్పుడు ఆయన్ని తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. కుర్చీలో కూర్చోబెట్టావు, టీ ఇచ్చావు, ఆయనతో నవ్వావు. నా దగ్గరికొచ్చేసరికి అంకెలు చూసుకుంటూ కూర్చున్నావు. ఆయనకి దొరికింది నాకెందుకు దొరకలేదు?…

… సరేలే. నువ్వూ మొదలుపెట్టకు. టైరు అక్కడ చచ్చిపోతోంది. వాల్వు దగ్గర చూడు ముందు, అక్కడే పోతున్నట్టుంది… ఆ, నాకంటే నీకు బాగా తెలుసు, ఒప్పుకున్నా.

ఆగాగు! పనయ్యాక నాకు ఫోన్ చెయ్యి… ఆయన చేత చేయించకు. ఆయన ఫోన్లోంచి కూడా వద్దు. నీ ఫోన్లోంచి నువ్వే చెయ్యి… ఉంది, నీ నంబరు తీసెయ్యలేదు.

… అక్క అనే ఉంది. పెట్టేస్తున్నా, టైరు చూడు.